ఒగ్గేసే గుర్తు

కొత్తూరు జంక్షన్‌లో తెల్లవారి ఐదుంపావుకి మూడో కంపెనీ బస్సు కదిలింది. ఎక్కలేకపోయిన ఆడవాళ్ళు దాని వెనకాల పరిగెత్తారు. ఒకామె తలుపు మీద అరచేత్తో కొట్టింది. ఇంకొకామె డ్రైవర్ని పేరు పెట్టి పిలిచింది. బస్సు ఆగలేదు. శాంతికుమారి మాత్రం పరిగెత్తలేదు. క్యారేజీ సంచి చంకలో ఇరికించుకుని, నానాజీ నిలబడ్డ చోటికి తిన్నగా నడిచింది.

నానాజీ ఆ పాయింటుకి కోఆర్డినేటర్. అచ్యుతాపురంలోని మందుల కంపెనీకి అనకాపల్లి నుంచి ఉదయం షిఫ్టుకి వెళ్ళే ఆడవాళ్ళని బస్సులెక్కించి, ఫోన్లో టిక్కులు పెట్టడం అతని పని.

"అన్నా, ఇంకా ఎంతమందిమి మిగిలిపోయామో సూసేవా?"

"సూసేను. ఇరవై ముగ్గురు."

"మరి నాలుగో బస్సేది?"

నానాజీ ఫోను తిప్పి ఆమె మొహానికి ఎదురుగా పెట్టాడు. "ఇదిగో, నువ్వే సూసుకో. నూట డెబ్బై మూడు మంది, మూడు బస్సులు. సిస్టమ్ అలాగ సూపిత్తంది. కంప్యూటర్ సెప్పినాక కాదండానికి నానెవడ్ని?"

"కంప్యూటర్‌కి కళ్ళు లేవన్నా. నీకున్నాయి కదా!"

అతను ఫోను జేబులో పెట్టుకుని బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వేళప్పుడు అచ్యుతాపురం వైపు షేరాటోలు ఉండవు. ఆరు దాటాక ఒకటి దొరికింది. మునగపాక మీదుగా కంపెనీ గేటు దగ్గర దిగేసరికి పావు తక్కువ ఏడు. ఆరూ పది దాటితే ఆలస్యం కింద రాసుకునే పంచింగ్ మిషను ఆమె వేలిముద్ర తీసుకుని ఎర్రదీపం చూపించింది. ఆ నెలలో అది మూడో ఎర్రదీపం. మధ్యాహ్నానికల్లా మెమో చేతికొచ్చింది. సమయపాలన పట్ల నిర్లక్ష్యం వహిస్తున్నందుకు సంజాయిషీ ఇవ్వవలెను అని ఉంది అందులో.

నిర్లక్ష్యం అన్న మాట దగ్గర శాంతికుమారి చూపు ఆగిపోయింది. మూడున్నరకి లేచి, వంట చేసుకుని, ఐదుకి ఐదు నిమిషాలు తక్కువకే జంక్షన్‌లో నిలబడిన మనిషికి నిర్లక్ష్యమట. ఆ కాగితాన్ని మడత పెట్టలేదు, చింపలేదు. ప్యాకింగ్ హాల్లో తన టేబులు మీద అందరికీ కనబడేట్టు ప్లాస్టరుతో అంటించింది. సూపర్‌వైజరు వచ్చి పీకేశాడు. మర్నాడు దాని జెరాక్సు తెచ్చి మళ్ళీ అంటించింది.

*

శాంతికుమారిది మాడుగుల పైన కొండవాలు ఊరు. తండ్రి పోతన్న, తల్లి సోమాలమ్మ మెట్ట చేలల్లో చోళ్ళు, సామలు పండిస్తారు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు లెక్కల పంతులు ఆమె చేసిన లెక్క ఒకటి తప్పని కొట్టేశాడు. తప్పు కాదంది ఆ పిల్ల. పంతులు వినలేదు. పిల్ల తిండి మాని, నోటుబుక్కు పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం ముందు నిలబడింది. సాయంత్రం ఐదింటికి, పోనీ ఈ పీడ విరగడవుతుందని ఆయన లెక్క మళ్ళీ చూసి, చెవులు ఎర్రబడి, కొట్టేసిన గీత మీదే టిక్కు పెట్టాడు.

"దీని కోపం పొయ్యిలో మంట కాదే, పోడు మంట. అంటుకున్నాదంటే గట్టు దిగిందాక ఆరదు," అనేది సోమాలమ్మ. అలా అనడంలో ఆమెకి భయమూ ఉండేది, కాస్త గొప్పా ఉండేది.

ఇంటరు పాసయింది. డిగ్రీ ఒక ఏడాది చదివి మానేసింది. అనకాపల్లి వచ్చి, గవరపాలెంలో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఒక గది తీసుకుంది. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఐదేళ్ళుగా అదే కంపెనీలో ప్యాకింగ్. మందు సీసాలు పెట్టెల్లో సర్దడం, లేబుల్ చూడడం, సీలు వేయడం. పనిలో ఆమె మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. నోటి మీద మాత్రం చాలామందికి ఫిర్యాదు ఉండేది.

పోయిన జూన్ దాకా కొత్తూరు జంక్షన్‌కి నాలుగు బస్సులు వచ్చేవి. నానాజీ తలలు లెక్కపెట్టి, తక్కువైతే గ్యారేజీకి ఫోన్ చేసేవాడు. జూన్‌లో కొత్త ప్రోగ్రాం పెట్టారు. ముందురోజు సాయంత్రం షిఫ్టు జాబితా దానిలోకి వెళుతుంది, ఎన్ని బస్సులు కావాలో అదే చెబుతుంది. కొద్దిరోజులకే బస్సులు మూడయ్యాయి. పోనీ సందులో నిలబడి వెళ్దామా అంటే, నిలబడి ప్రయాణించరాదు అని బస్సులోనే బోర్డు పెట్టారు. యాభై సీట్లు నిండగానే డ్రైవరు తలుపు వేసేస్తాడు. ముందొచ్చినవాళ్ళకి సీటు, మిగిలినవాళ్ళకి ఎర్రదీపం. రోజూ ఆ మనుషులే మిగిలేవాళ్ళని కాదు. కానీ చంటిపిల్లల తల్లులు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు రోజు మార్చి రోజు మిగిలేవాళ్ళు.

అలాంటి వాళ్ళలో అప్పలకొండమ్మ ఒకతె. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. శాంతికుమారి గదికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. ఆమెని శాంతికుమారి పిన్నీ అని పిలుస్తుంది.

మెమో వచ్చిన రెండు వారాలకి కంపెనీకి ఆడిట్ వచ్చింది. వేరే షిఫ్టుల వాళ్ళని కూడా ఉదయానికి రమ్మన్నారు. జంక్షన్‌లో ఆ రోజు నూట తొంభై ఆరుగురు, నానాజీ ఫోన్లోనూ అదే అంకె. బస్సులు మూడే. మూడో బస్సు తలుపు దగ్గర తోపులాట అయింది. అప్పలకొండమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండో కాలికి చోటు దొరకలేదు. వెనక నుంచి ఎవరో తోసిన ఊపుకి పక్కకి ఒరిగి, కుడిచెయ్యి కింద పడేట్టు రోడ్డు మీద పడింది. మణికట్టు విరిగిన చప్పుడు శాంతికుమారికి వినబడింది. తర్వాత చాలారోజులు ఆ చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు.

బస్సు ఆగలేదు. శాంతికుమారే ఆటో బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కట్టు కట్టించి, ఇంట్లో దింపి, పదకొండింటికి కంపెనీకి వెళ్ళింది. రిజిస్టరులో అప్పలకొండమ్మ పేరు ఎదురుగా గైర్హాజరు అని ఉంది.

"ఆమె బస్సు కాడ పడిపోయింది సార్! మీ బస్సు కాడే పడింది!" అంది సూపర్‌వైజరుతో.

"అది కంపెనీ గేటు లోపల జరగలేదు కదమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "బస్సుల సంగతి నాకేం తెలుసు? సిస్టమ్ చూస్తుంది."

హెచ్ఆర్ గదిలో అడిగితే అదే జవాబు. "బస్సులెన్నో మేం నిర్ణయించం. సిస్టమ్ నిర్ణయిస్తుంది." సాయంత్రం నానాజీని అడిగితే అతనూ అదే. ఒకే రోజు ముగ్గురు మనుషులూ ఒకే యంత్రం వెనకాల దాక్కున్నారు. ఆ యంత్రం ఏ గదిలో ఉందో, ఏ భాషలో మాట్లాడుతుందో ఎవరికీ తెలియదు. శాంతికుమారికి ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం ఆమె కంప్యూటర్ సెంటరు మెట్లెక్కింది.

*

అది గవరపాలెంలో పాత బెల్లం గోదాము మేడ మీద ఉంది. నడిపేది త్రినాథ్ మాస్టారు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు అక్కడే టైపు నేర్పేవాడు. మిషన్లు మారినా గదీ, బల్లలూ అవే.

"ఏం నేర్చుకుంటావమ్మా? ఉద్యోగం మారాలనా?" అన్నాడు.

"కాదు మాస్టారూ. మా కంపెనీలో ఒక కంప్యూటర్ తప్పు లెక్క సెప్తంది. దాని బాస నేర్సుకుని దాంతోటే దెబ్బలాడదామని వచ్చేను."

మాస్టారు నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. "పైథాన్‌తో మొదలుపెడదాం. కంప్యూటర్ భాషల్లో కొత్తవాళ్ళకి అదే తేలిక," అని ఒక కుర్చీ లాగాడు.

చుట్టూ పదో తరగతి పిల్లలు. మొదటి ఆదివారం కూడికలు, తీసివేతలు. కూడికకి మనం రాసే గుర్తే. హెచ్చవేతకి నక్షత్రం. భాగహారానికి ఒక ఏటవాలు గీత. ఇంతేనా అనుకుంది. ఐదుకి ఐదు కలపమని టైపు చేస్తే, తెర మీద యాభై ఐదు వచ్చింది.

"మాస్టారూ, దీనికి ఒకటో తరగతి లెక్క రాదు!"

ఆయన వచ్చి చూశాడు. "నువ్వు ఐదు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టావు. అప్పుడు అది అంకె అనుకోదు, అక్షరం అనుకుంటుంది. అక్షరాల మధ్య ప్లస్ పెడితే కూడదు, అతికిస్తుంది. అప్పల, ప్లస్, కొండమ్మ అంటే అప్పలకొండమ్మ అయినట్టు."

యాదృచ్ఛికంగా ఆయన నోట వచ్చిన పేరు అది. శాంతికుమారి కళ్ళు చెమర్చాయి. కోపంతోనే. కొటేషన్ గుర్తులు తీసేసి మళ్ళీ కొట్టింది. పది వచ్చింది.

రెండో ఆదివారం ఆమెకి ఇంకా చిరాకు తెప్పించింది. సమానం గుర్తు ఒకటి పెడితే ఒక అర్థం, రెండు పెడితే ఇంకో అర్థం.

"ఒకటి పెడితే నువ్వు చెప్తున్నావన్నమాట," అన్నాడు మాస్టారు. "సీట్లు యాభై అని చెప్పావు. అది సరే అని గుర్తుపెట్టుకుంటుంది, ఎదురు చెప్పదు. రెండు పెడితే నువ్వు అడుగుతున్నావు. సీట్లు యాభైయేనా? అప్పుడు చూసి అవునో కాదో చెబుతుంది."

"అంటే మా వోళ్ళందరూ ఒక సమానం మనుషులే. సెప్పడమే గానీ అడగడం లేదు," అంది శాంతికుమారి. పక్క బల్ల పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

మూడో ఆదివారం మాస్టారు భాగహారంలో ఇంకో రకం ఉందన్నాడు. ఏటవాలు గీత ఒకటి కాక రెండు పక్కపక్కన. "ఏదో ఒక లెక్క చేసి చూడు," అన్నాడు. శాంతికుమారి ఆలోచించకుండానే టైపు చేసింది.

173 / 50

మూడు పాయింటు నాలుగు ఆరు అని వచ్చింది.

173 // 50

మూడు అని వచ్చింది. ఉత్త మూడు. తోకా లేదు, చుక్కా లేదు.

ఆమె చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నానాజీ ఫోన్లో కనబడ్డ మూడు అదే.

"మాస్టారూ, మిగతాది ఎక్కడికెళ్ళింది?"

"ఎక్కడికీ వెళ్ళదు. ఈ గుర్తు పూర్తి భాగాలే చెబుతుంది. మిగిలింది వదిలేస్తుంది."

"ఒగ్గేత్తాదా?"

"ఒగ్గేత్తాది," అన్నాడు మాస్టారు, ఆమె మాటలోనే. "అది తెలుసుకోవాలంటే వేరే గుర్తు ఉంది. పర్సెంటు గుర్తు పెట్టి చూడు."

173 % 50

ఇరవై మూడు.

శాంతికుమారి ఇంక కుర్చీలో కూర్చోలేకపోయింది. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. "మనుషులు మాస్టారూ. ఆ ఇరవై మూడూ మనుషులు. దీనికి మిగిలినోళ్ళెంతమందో తెలుసు! అడిగితే సెప్తంది! అడక్కుండా ఒగ్గేమన్నారు!"

విషయమంతా విన్నాక మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "తొందరపడకు. నూట డెబ్బై మూడుని మామూలుగా భాగించి, దగ్గర అంకెకి సవరించినా మూడే వస్తుంది కదా. మూడు పాయింటు నాలుగు ఆరుకి దగ్గర అంకె మూడే. వాళ్ళు ఈ గుర్తే వాడారని నువ్వెలా చెప్తావు? వెళ్ళి అడిగితే మొదట ఆ మాటే అంటారు."

శాంతికుమారికి ఆయన మీదా కోపమొచ్చింది. కానీ ఆ ప్రశ్న న్యాయమైందని తెలుసు. తెర వంక చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి ఆడిట్ రోజు గుర్తొచ్చింది. నూట తొంభై ఆరు. అప్పలకొండమ్మ పడిన రోజు. ఆ అంకెని ఆమె మరిచిపోలేదు.

196 / 50

మూడు పాయింటు తొమ్మిది రెండు. దగ్గర అంకెకి సవరిస్తే నాలుగు రావాలి. ఆ రోజు నాలుగో బస్సు రాలేదు. రెండు గీతలు పెట్టి కొడితే మూడే.

"ఇదే మాస్టారూ. ఈ గుర్తే." తెర మీది మూడుని వేలితో చూపించింది. "మా పిన్ని సెయ్యి విరగ్గొట్టింది ఇదే."

త్రినాథ్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గుర్తు ఎవరి చెయ్యీ విరగ్గొట్టదమ్మా. దాన్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో కనుక్కో," అన్నాడు.

*

ఆ ప్రోగ్రాం రాసినవాడు తారక్ అని శాంతికుమారి వాకబు చేసి తెలుసుకుంది. ఎలమంచిలి కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు. కంపెనీ గేటు పక్క ఏసీ గదిలో కూర్చుంటాడు. భోజనాల విరామంలో శాంతికుమారి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"నువ్వేనా తారక్?"

"అవునక్కా. ఏం కావాలి?"

"బస్సుల లెక్కలో రెండు ఏటవాలు గీతలు పెట్టింది నువ్వేనా?"

అతని మొహంలో రంగు మారింది. ప్యాకింగ్ యూనిఫాంలో ఉన్న మనిషి ఆ మాట అంటుందని అతను అనుకోలేదు. శాంతికుమారి వదల్లేదు. నూట డెబ్బై మూడు చెప్పింది, నూట తొంభై ఆరు చెప్పింది, అప్పలకొండమ్మ చెయ్యి చెప్పింది. "సదువుకున్నోడివి. మిగిలినోళ్ళు ఏమైపోతారని ఒక్కపాలి అనిపించలేదేటి నీకు?"

"మెల్లిగా అక్కా," అని అతను లేచి తలుపు వేశాడు. నిలబడే మాట్లాడాడు. "నేను మొదట సరిగ్గానే రాసేను. శేషం సున్నా కన్నా ఎక్కువుంటే ఇంకో బస్సు కలపమని. నాలుగే వచ్చేవి. రెండ్రోజులు చూసి, ఆ లైను తీసెయ్యమన్నారు. సందులో నిలబడి సర్దుకుంటారులే అన్నారు. ఆ తర్వాత వారానికే నిలబడకూడదని బోర్డు పెట్టేరు."

"ఎవరన్నారు?"

అతను పై అంతస్తు వైపు చూశాడు. "నా పేరు చెప్పకక్కా. కాంట్రాక్టు ఉద్యోగం."

శాంతికుమారి ఇంతకాలం కంప్యూటర్ మీద పెంచుకున్న కోపమంతా ఒక్కసారిగా చోటు మార్చుకుంది. అది అబద్ధం ఆడలేదు. నాలుగే చెప్పింది. దాని నోరు నొక్కి మూడు అనిపించి, ఆ మూడుని చూపించి, కంప్యూటరే చెప్పింది అన్నారు.

పై అంతస్తులో రవాణా మేనేజరు ఉంటాడు. తెల్లచొక్కా, మెత్తని మాట. అంతా విని, పెన్ను మూత పెట్టి, "నీకు ప్రోగ్రాం ఎవరు చూపించారు?" అని అడిగాడు.

"ఎవులూ సూపించలేదు. నూట తొంభై ఆరుకి మూడు వచ్చిందంటే అది ఏ గుర్తో నాకు తెలుసు. లెక్క మీ ఒక్కరి సొత్తు కాదు సార్."

"నీ మీద ఇప్పటికే ఒక మెమో ఉన్నట్టుంది."

"ఉన్నాది. నా టేబులు మీద అంటించుకున్నాను."

ఆయన బయటికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

*

వారం రోజులు శాంతికుమారి క్యాంటీన్లో బల్ల బల్లకీ తిరిగింది. ఒక కాగితం మీద ఆ రెండు గీతల గుర్తు గీసి, అదేం చేస్తుందో చెప్పింది. కొందరు విన్నారు. కొందరు ఇడ్లీ తింటూ తల తిప్పేసుకున్నారు. చిన్నమ్మలు అనే పిల్ల మొహం మీదే అనేసింది. "నానెప్పుడూ ముందే వత్తాను. నాకు సీటు దొరుకుతాది. నాకెందుకీ గొడవ?"

"ఈవేళ దొరికింది," అంది శాంతికుమారి. "రేపు నీ గుంటకి జొరమొత్తే నువ్వూ ఐదు నిమిషాలు లేటవుతావు. ఆ రోజు నువ్వే నూట యాభై ఒకటోదానివి. అప్పుడు ఎవుర్ని పిలుత్తావు?"

చిన్నమ్మలు ప్లేటు తీసుకుని వేరే బల్లకి వెళ్ళిపోయింది. కానీ సోమవారం ఉదయం మొదటి బస్సు తలుపు తెరుచుకున్నప్పుడు, వరసలో అందరికన్నా ముందు నిలబడ్డ చిన్నమ్మలు ఎక్కలేదు. వెనక్కి తిరిగి శాంతికుమారి వంక చూసింది. దాంతో ఆమె వెనకాలవాళ్ళూ ఆగిపోయారు.

మూడు బస్సులు తలుపులు తెరుచుకుని, ఇంజన్లు ఆడించుకుంటూ ఖాళీగా నిలబడ్డాయి. నూట డెబ్బై మూడు మంది ఆడవాళ్ళు రోడ్డు పక్కన.

"ఎక్కండమ్మా! నా ఉజ్జోగం ఊడుతాది!" నానాజీ ఇటూ అటూ పరిగెత్తాడు.

"నాలుగోది రానియ్ అన్నా. అందరం ఎక్కుతాం," అంది శాంతికుమారి.

ఆరైంది. కంపెనీలో రాత్రి షిఫ్టువాళ్ళు దిగడానికి లేదు, ఎక్కేవాళ్ళు రాలేదు. ప్యాకింగ్ లైను ఆగిపోయింది. నానాజీ ఫోను ఆగకుండా మోగింది. ఏడింటికి గ్యారేజీ నుంచి నాలుగో బస్సు వచ్చింది. ఇన్నాళ్ళూ అది షెడ్డులోనే ఉందని డ్రైవరు చెప్పాడు. ఆ మాట విన్నాక శాంతికుమారికి గెలిచిన సంతోషం కూడా మిగల్లేదు.

సాయంత్రం అందరి ఫోన్లకీ కంపెనీ మెసేజీ వచ్చింది. ఉద్యోగినుల కోరిక మేరకు నియమం సవరించాం, ఇకపై మిగిలినవారు సగం బస్సుకి మించి ఉంటే అదనపు బస్సు వేస్తాం అని. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. ఒకామె స్వీట్లు తెస్తానంది.

శాంతికుమారి మెసేజీ మళ్ళీ చదివింది. మించి ఉంటే. త్రినాథ్ మాస్టారు నేర్పిన నోరు తెరిచిన గుర్తు ఆమెకి కళ్ళముందు కనబడింది. మిగిలింది, పెద్దది గుర్తు, ఇరవై ఐదు.

"ఆగండి," అంది. "యాభైలో సగమెంత?"

"ఇరవై ఐదు."

"మనం రోజూ మిగిలేది?"

"ఇరవై ముగ్గురం."

"ఇరవై మూడు ఇరవై ఐదు కన్నా పెద్దదేటి?"

స్వీట్లు తెస్తానన్నామె మొదట అర్థం చేసుకుని, పెద్ద బూతు తిట్టింది.

మంగళవారం మూడు బస్సులే వచ్చాయి. ఈసారి ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కరూ ఎక్కలేదు. ఆరున్నరకి రవాణా మేనేజరే కారులో వచ్చాడు. దిగి, అదే మెత్తని గొంతుతో, "ఇరవై మందికోసం యాభై సీట్ల బస్సు ఖాళీగా తిప్పమంటారా? మీరే ఆలోచించండి," అన్నాడు.

శాంతికుమారి ముందుకొచ్చింది. అప్పటికి ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"సార్, నాను ప్యాకింగ్ మనిషిని. ఒక పెట్టెలో యాభై సీసాలు పెడతాను. బ్యాచి ఆకర్న ఇరవై మూడు సీసాలు మిగుల్తే నన్నేటి సెయ్యమన్నారు మీరు? ఇంకో పెట్టె తియ్యమన్నారు. దాని మీద లూజు అని రాయమన్నారు. ఒక్క సీసా మిగిలినా పెట్టె తియ్యాలి. నేల మీద ఒగ్గేత్తే మెమో ఇత్తారు. సీసాకి పెట్టె ఉన్నాది. అప్పలకొండమ్మకి బస్సు లేదు. సీసాకున్న ఇలవ మాకు లేదని ఇక్కడ, ఈళ్ళందరి ముందర సెప్పండి. సెప్పేత్తే ఎక్కేత్తాం."

మేనేజరు చుట్టూ చూశాడు. నానాజీ తల దించుకున్నాడు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. ఆయన కారులో కూర్చుని అద్దం ఎత్తి, ఎవరితోనో పది నిమిషాలు మాట్లాడాడు. ఏడుంపావుకి నాలుగో బస్సు వచ్చింది. ఆ మధ్యాహ్నం తారక్ ప్రోగ్రాంలో ఇరవై ఐదు తీసేసి సున్నా పెట్టాడు. ఒక్కరు మిగిలినా బస్సే.

*

అయితే అంతా చక్కబడిందని కాదు. శాంతికుమారి మెమో రద్దు కాలేదు. సంజాయిషీ కాగితంలో ఆమె మొదటి వాక్యంగా "నేను నిర్లక్ష్యం వహించలేదు" అని రాసి, కింద భాగహారం వేసి, శేషం చుట్టూ గుండ్రంగా గీసి ఇచ్చింది. దానికి జవాబు రాలేదు. రెండు రోజుల పని ఆపినందుకు ఇంకో మెమో వచ్చింది. అదీ టేబులు మీద అంటించింది. ఈసారి సూపర్‌వైజరు పీకలేదు.

అప్పలకొండమ్మ చెయ్యి వంకరగా అతుక్కుంది. సీసా మూత బిగించే పట్టు పోయింది. నెల తర్వాత ఆమె పేరు షిఫ్టు జాబితాలోంచి తీసేశారు. ఆ రోజు నానాజీ ఫోన్లో నూట డెబ్బై రెండు కనబడింది. శాంతికుమారి ఆ అంకె చూసి, పని దిగాక తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి కంపెనీని, మేనేజర్ని, హెచ్ఆర్‌ని వరసపెట్టి తిట్టింది.

అప్పలకొండమ్మ ఎడమచేత్తో చింతపండు పిక్కలు తీస్తూ వింది. "కూకోయే. నిలబడి తిడితే కాళ్ళు నొప్పెడతాయి," అంది. "ఆ నాలుగో బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతందా నీకు?"

"దొరుకుతంది పిన్నీ."

"అది సాల్లే."

"సాల్దు," అంది శాంతికుమారి. ఆ వారమే పని చేసేచోటికి వెళ్తూ దెబ్బ తగిలినవాళ్ళకి ఏం రావాలో కనుక్కోవడానికి కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళింది. అప్పలకొండమ్మ పేరున అర్జీ పెట్టించింది. అది ఇంకా నడుస్తోంది. ప్రతి వాయిదాకీ శాంతికుమారి సెలవు పెట్టి ఆమెని వెంటబెట్టుకుని వెళుతోంది. ఆదివారాలు కంప్యూటర్ సెంటరుకి వెళ్ళడం మానలేదు. ఇప్పుడు ఆమె పక్క బల్ల దగ్గర చిన్నమ్మలు కూర్చుంటోంది.

నాలుగో బస్సు పాతది. వెనక తలుపుకి గడియ లేదు. అది వచ్చిన మొదటి వారమంతా ఆ తలుపుని తాడుతో కట్టి నడిపారు. ఆ శనివారం ఉదయం నానాజీ టిక్కులు పెట్టుకుంటుంటే శాంతికుమారి ఎక్కకుండా అతని ముందు నిలబడింది.

"మళ్ళీ ఏటే తల్లీ?" అన్నాడు నానాజీ. "బస్సు అడిగేవు, వచ్చింది. ఇంకేటి కావాల నీకు?"

"గడియ," అంది శాంతికుమారి.

సోమవారానికి వేయించారు.